నిండితే కూసే గ్లాసు

"కోడలుందిగా!" ఆ ఇంట్లో ఏ ప్రశ్నకైనా అదే జవాబు.

చూపు పోయిన అత్తగారు ఆరోజు, "నా టీ నేనే పోసుకుంటానురా, వేలు పెట్టి చూసుకుంటే నిండిందో లేదో తెలుస్తుంది," అంటే, కొడుకు టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "వేలు కాల్చుకోవడం ఎందుకమ్మా, కోడలుందిగా!" అన్నాడు.

ఉంది. కొత్త కాపురపు మురిపెం ఇంకా తీరకుండానే, పూటపూటా టీ పోస్తూ ఉంది. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివింది కూడా. ఆ సంగతే పెళ్ళయ్యాక ఎవరికీ గుర్తు రాలేదు.

పాడైన అలారం గడియారంలోంచి కూతపెట్టే బిళ్ళ పీకింది. బ్యాటరీ తగిలించి, రెండు తీగలు గ్లాసు అంచునుంచి లోపలికి వేలాడదీసింది. రెండింటికీ నీళ్ళు తగలగానే కుయ్‌మంది! ఆమె వేసిన కేకకి, బల్లి మీద పడిందేమోనని మొగుడు పరిగెత్తుకొచ్చాడు.

టీ పోస్తే మాత్రం గ్లాసు సగమైనా నిండకుండానే కూసింది. ఆవిరి చుక్కలై తీగల్ని కలిపేస్తోంది. "సగం గ్లాసేనా నా మొహానికి?" అని అత్తగారు ఒకటే నవ్వు. కొసలు వదిలి తీగలకు ప్లాస్టిక్ తొడుగు వేస్తే, ఈసారి కొసల మధ్య మీగడ అతుక్కుని, టీ తాగేశాక కూడా ఒకటే గోల.

"వంటింట్లోకి అంబులెన్సు వచ్చిందా?" అన్నాడు మొగుడు. "చిటికెలో పోసిచ్చేదానికి ఇంత రాద్ధాంతమా? పనేం లేదా నీకు?"

చిటికెలో పనే. ఆ చిటిక వేసేది ఎవరట, రోజూ, ప్రతి పూటా? మొగుడి బుగ్గ మీద ఆ సొట్టే లేకపోతే గ్లాసు అతని నెత్తిన బోర్లించేదే.

అత్తగారు తీగల్ని తడిమి చూసి, "రెండూ ఇలా రాసుకు పూసుకు తిరుగుతుంటే కూయవూ? దూరంగా పెట్టవే," అంది.

ఒక తీగ ఈ అంచుకి, ఒకటి ఎదుటి అంచుకి. అంతే!

సాయంత్రం అత్తగారు గిన్నె వంచింది. ధార సన్నగా పడింది. కుయ్! గిన్నె ఆగింది. టీ అంచుకి వేలెడు కిందుంది. చాలా రోజుల తర్వాత తను పోసుకున్న టీని ఆమె చప్పరిస్తూ తాగుతుంటే, కోడలికి గంతులేయాలనిపించింది.

అలవాటుగా సోఫాలోంచి మొగుడి చెయ్యి టీ కోసం ముందుకొచ్చింది. అలవాటుగానే కోడలు సగం లేచింది.

"కూర్చోవే," అంది అత్తగారు. "ఒరేయ్, గిన్నెలో ఇంకా ఉంది. వచ్చి పోసుకో."

"నాకెందుకమ్మా ఆ మెషీను? నాకు కళ్ళు బానే కనిపిస్తాయిగా!"

"అయితే మరీ సులువు. నీకా కూత కూడా అక్కర్లేదు."