వ్లాస్తా చేతి జబ్బు

భర్త ఓటకర్ కచేరీ చొక్కా ఇస్త్రీ చేయడమంటే వ్లాస్తాకి ప్రాణం మీదకొచ్చినట్టుండేది. గుండెల మీద గంజి పెట్టిన మడతలు కాస్త అటూ ఇటూ అయితే అతను ఏమీ అనడు. చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, బనియన్‌తో కిటికీ దగ్గర నిలబడతాడు. అలా నిలబడడం చూడలేక ఆమే మళ్ళీ పెట్టె వేడి చేసేది. ఆ రోజు అతను సంగీత విద్యాలయం పరీక్షల పని మీద ప్రాగ్ వెళ్ళాడు. పిల్లలు బడికి వెళ్ళారు. అత్తగారు హెర్మీనా వంటింట్లో క్యాబేజీ తరుగుతోంది. హాల్లో ఫోన్ మోగింది. ఓటకర్ ఇంట్లో ఉంటే ఆ ఫోన్ ఇంకెవరూ ముట్టుకోరు. అతను లేడు కాబట్టి ఇస్త్రీ వదిలి వ్లాస్తా ఎత్తింది.

చేసింది వాళ్ళుండే బ్ర్నో ఊరి ఆర్కెస్ట్రా వ్యవహారాలు చూసే హ్రూబెష్. ముందు ఓటకర్ కోసం అడిగాడు. లేడని విని కాసేపు నసిగాడు. వార్సా నుంచి రావలసిన చెల్లో విద్వాంసుడికి అపెండిక్స్ ఆపరేషన్ అయిందనీ, వచ్చే వారమే కచేరీ అనీ, అతను ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాల్సిన ఆ చెల్లో కన్‌చెర్టో ఒకప్పుడు ఆమె వాయించగా విన్నవాళ్ళు ఇంకా చెప్పుకుంటారనీ అన్నాడు.

"ఒంట్లో ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడిగాడు చివర్లో.

మర్యాదకి అడిగాడనుకుంది. బాగానే ఉన్నానంది. వాయిస్తానని కూడా అనేసింది. ఆ మాట ఎవరో పక్కనుంచి అన్నట్టు వినిపించింది తనకే. ఇస్త్రీపెట్టె కింద చొక్కా మాడిన వాసన వచ్చేదాకా ఫోన్ దగ్గరే నిలబడిపోయింది.

పెళ్ళికి ముందు వ్లాస్తా వాయిస్తుంటే పక్కన పియానో మీద సహకారం ఇచ్చేవాడు ఓటకర్. ఆమె ఊపిరి తీసుకునే తీరుని బట్టి తన చేతులు కదిపేవాడు. అందుకే అతన్ని ప్రేమించింది. తన ఊపిరి వినేవాడు దొరకడం మాటలా అనుకుంది. పోటీల్లో బహుమతి ఆమెకొచ్చింది, ఊరూరి నుంచి పిలుపులు ఆమెకొచ్చాయి. పెళ్ళయ్యాక కొడుకు పుట్టాడు, వాడి వెనకే కూతురు జ్దేనా. వాయించడం మానెయ్యమని ఓటకర్ ఒక్కనాడూ అనలేదు. ఈ ఏడు వద్దులే, పిల్లాడు చంటివాడు అన్నాడు. ఆ మరుసటేడు తనకి ప్రొఫెసర్ పదవి వచ్చే వేళ, ఇంట్లో ఒకరైనా నిలకడగా ఉండాలన్నాడు. అత్తగారైతే ముసుగు వేసి మాట్లాడే మనిషి కాదు. ఇద్దరు పిల్లల తల్లి నలుగురి ముందు కాళ్ళు ఎడం చేసుకుని అంత పెద్ద పెట్టెని ఒళ్ళో ఇరికించుకుని కూర్చుంటే చూసేవాళ్ళకేం బాగుంటుందని అడిగేది, డంప్లింగుల పిండి పిసుకుతూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. ఇవేవీ వ్లాస్తాని ఆపలేదు. ఆపింది ఒక్కటే. పిలుపులు రావడం మానేశాయి. ఏడాదికేడాది ఎవరూ పిలవకపోతే మనిషి ఏమనుకుంటుంది? నేను అంత గొప్పదాన్నేం కాదు, వయసులో ఉన్నప్పుడు మెచ్చుకున్నారు అంతే అనుకుంటుంది. వ్లాస్తా అలాగే అనుకుంది. మధ్యాహ్నాలు పిల్లల సంగీత పాఠశాలలో స్వరాలు నేర్పింది. తోటి టీచర్లు తన పాత పేరు ఎత్తితే సిగ్గుపడి మాట మార్చేది.

ఇంట్లో పియానో గది ఓటకర్ శిష్యులది. అందుకని ఆ వారమంతా బిల్డింగ్ కింద బట్టలారేసే గదిలో, పక్కింటివాళ్ళ దుప్పట్ల మధ్య స్టూలు వేసుకుని సాధన చేసింది. ఒకప్పుడు ఎడమచేతి వేళ్ళ కొసల్లో కాయలు కాసి గట్టిగా ఉండేవి. అంట్లనీళ్ళలో నాని నాని అవి ఎప్పుడో మెత్తబడిపోయాయి. మొదటి రోజే తీగలు కోసుకుని పొక్కులు లేచాయి. మెదడుకి అంతా గుర్తుంది, ఏ స్వరం తర్వాత ఏదో, ఎక్కడ కమాను తేలికవ్వాలో. వేళ్ళే ఒక క్షణం ఆలస్యంగా వెళ్తున్నాయి. తడిబట్టల బుట్టతో కిందికి దిగొచ్చిన హెర్మీనా గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది. "రేపు వాడొచ్చాక ఏమంటాడో చూసుకో" అని, బట్టలు ఆరెయ్యకుండానే బుట్ట పట్టుకుని పైకెళ్ళిపోయింది.

ఓటకర్ వచ్చి అరవలేదు. కోటు తగిలించి, చేతులు కడుక్కుని, భోజనం దగ్గర మెల్లిగా అన్నాడు. "నీ పరువు కోసమే చెప్తున్నాను వ్లాస్తా. ఇప్పటి పిల్లలు ఎలా వాయిస్తున్నారో నీకు తెలీదు. నువ్వు ఆగిన చోట సంగీతం కూడా ఆగిపోయి కూర్చుందనుకుంటున్నావు." సూప్ చల్లారుతోందని జ్దేనా గుర్తుచేసింది.

రిహార్సల్ రోజున హ్రూబెష్ తనే ఎదురొచ్చి చెల్లో అందుకోబోయాడు. ఆమె చెయ్యి వంక జాలిగా చూశాడు. నొప్పి వస్తే మొహమాటపడకుండా ఆపమన్నాడు. ఏం నొప్పి అంది వ్లాస్తా.

"అదే, చేతి నరాల జబ్బు. మేం ఏడాదికోసారైనా మీరు వాయిస్తారా అని ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నాం కదమ్మా. ప్రొఫెసర్ గారు ఎంతో బాధపడేవారు పాపం. మీ ముందు ఆ ఊసెత్తితే మీరు తట్టుకోలేరని, మీతో అనొద్దని కూడా అన్నారు."

వ్లాస్తా వెళ్ళి కుర్చీలో కూర్చుని శ్రుతి చూసుకుంది. ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ కర్ర ఎత్తాడు. ఏళ్ళ తరబడి తనని ఎవరూ పిలవలేదన్న ఆ నిశ్శబ్దం మొత్తం ఒక మనిషి నోటి నుంచి వచ్చిందని, అతని కాలర్లకే తాను గంజి పెట్టిందని, అప్పుడప్పుడే ఆమెకి ఎక్కుతోంది.

కచేరీలో మొదటి భాగం గట్టెక్కింది. నెమ్మదిగా సాగే రెండో భాగంలో మాత్రం హాలు హాలంతా దగ్గు కూడా మరిచిపోయింది. అక్కడ వేగం అక్కర్లేదు, మనిషి గుండెలో ఏముందో అది చాలు, ఆమె దగ్గర అది బోలెడుంది. మూడో భాగంలో వేళ్ళు అలిసిపోయాయి. పై స్థాయికి పరుగెత్తే చోట రెండు సార్లు జారింది. మూడోసారికి కండక్టర్ ఆర్కెస్ట్రా మొత్తాన్ని కాస్త నెమ్మదిగా నడిపించాడు. రోగితో నడిచేవాళ్ళు అడుగు తగ్గించి వేస్తారే, అలా. అది చాలా దయతో చేశాడు. జనం కూడా చాలా దయగా చప్పట్లు కొట్టారు. పూలు తీసుకుంటూ వ్లాస్తాకి తెలిసిపోయింది. తన చేతిలో గొప్ప సంగీతం ఉండేది. అది ఎప్పుడో వాయించాల్సింది. ఇక రాదు.

ట్రాములో ఓటకర్ ఆమె పక్కన కూర్చుని పూలు తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండో భాగం బాగుందన్నాడు. ఆ తర్వాత, నేను ముందే చెప్పానుగా అన్నాడు. నాకు జబ్బని ఎందుకు చెప్పావని అడిగింది ఆమె.

అతను ఒళ్ళో పూలు సర్దుకున్నాడు.

"ప్రతిసారీ నిన్ను అడిగితే ప్రతిసారీ నువ్వు పిల్లలా చెల్లోనా అని ఏడ్చేదానివి. ఆ ఏడుపు నీకు లేకుండా చేశాను. తప్పంటావా?"

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే ఆమెని ఎక్కువ కుంగదీసింది. అబద్ధమాడి దొరికిపోయినవాడిలా తడబడి ఉంటే తిట్టి పోసి ఉండేది. తన ఏడుపు కూడా అతనే ఏడ్చేసి, చక్కగా మడతపెట్టి పక్కన పెట్టేశాడు.

వారం తిరక్కుండా వ్లాస్తా హ్రూబెష్ ఆఫీసుకి వెళ్ళింది. చెల్లోల వరసలో చివరి కుర్చీ ఖాళీ అవుతోందని విన్నానంది. ఒకప్పుడు ఒంటరిగా ముందు కూర్చున్న మనిషికి ఆ కుర్చీ ఇవ్వడానికి ఆయనకి ప్రాణం ఒప్పలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మిగతా అందరిలాగే తననీ, ఎవరో తెలియకుండా తెర వెనక కూర్చోబెట్టి పరీక్షించమంది. పరీక్షించారు. తీసుకున్నారు.

ఆదివారం భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పింది. ఇకనుంచి సాయంత్రాలు తను ఇంట్లో ఉండననీ, ఊళ్ళు తిరగాల్సి వస్తే వెళ్తాననీ చెప్పింది. హెర్మీనా ఫోర్కు కింద పెట్టేసింది. ఓటకర్ ముఖం కందిపోయింది.

"చివరి కుర్చీనా? మా విద్యాలయంలో చదివే పిల్లలు కూర్చుంటారు అక్కడ. ఇన్నేళ్ళూ నీ చెయ్యి బాగోలేదని చెప్పుకొచ్చాను. ఇప్పుడు నలుగురికీ ఏమని చెప్పుకోను నేను?"

వ్లాస్తా పిల్లల ప్లేట్లలో మాంసం వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

"వేళ్ళు నిజంగానే పాడయ్యాయని చెప్పు ఓటకర్. ఇప్పుడు నువ్వు అబద్ధమాడక్కర్లేదు."