ఇదెందులో వేయాలి?

జలుబు చేసిన భర్త ముక్కు చీదిన కాగితాన్ని పెరుగు కప్పులో కుక్కి, ఆ కప్పుని నీలం డబ్బాలో పడేశాడు. నీలం డబ్బాలోకి వెళ్ళాల్సినవి శుభ్రంగా కడిగినవి, మళ్ళీ పనికొచ్చేవి. మిగతా చెత్తంతా నల్ల డబ్బాలోకి. ఇది ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉన్న ఏర్పాటే. చెత్తబండి వచ్చే రోజు కాబట్టి ఆమె పొద్దున్నే నీలం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. కప్పు పట్టుకోగానే చల్లగా, జిగటగా ఏదో వేళ్ళ సందుల్లోకి జారింది. కాగితాన్ని రెండు వేళ్ళతో పీకి నల్ల డబ్బాలో వేసి, కప్పుని కుళాయి కింద పెట్టి, కళ్ళు మూసుకుని కడిగింది.

హాల్లోంచి గొంతు వినబడింది. "ఏమోయ్, ఈ బ్లేడ్ల అట్ట ఎందులో వేయాలి?"

రోజుకి నాలుగైదు సార్లు ఆ ప్రశ్న. ఫోన్లో పదహారు పాస్‌వర్డులు గుర్తుపెట్టుకుని, చిన్నప్పటి స్నేహితుల బండి నంబర్లు కూడా గడగడా చెప్పే మనిషికి ఇంట్లో రెండే డబ్బాలు గుర్తుండవు. మొదట్లో ఓపిగ్గా చెప్పింది. తర్వాత రెండు డబ్బాల మీదా కాగితాలు అంటించింది. "ఆ చదివేదేదో నువ్వే చదివి చెప్పొచ్చు కదా, నువ్వయితే చూడగానే చెప్పేస్తావు" అన్నాడు మెచ్చుకుంటున్నట్టు. పక్కనే ఉన్న అత్తగారు, "వాడికివన్నీ ఏం తెలుస్తాయమ్మా పాపం" అంది. నలభై నాలుగేళ్ళ పాపం! అట్ట చేతిలో పట్టుకుని పెళ్ళాం వచ్చేదాకా అలాగే నిలబడే పాపం.

అలాగని తప్పంతా అతనిదే అనడానికి ఆమెకు మనసు రాదు. ప్యాకెట్లు చూస్తే ఎవరికైనా మతి పోవాల్సిందే. బిస్కెట్ల దాని మీద మూడు బాణాలు. షాంపూ సీసా అడుగున ముక్కోణంలో ఓ అంకె, అదేం అంకో ఎవరికీ తెలీదు. జ్యూసు డబ్బా మీద "మూత విడిగా" అని ఉంటే, అదే కంపెనీ ఇంకో జ్యూసు డబ్బా మీద "మూతతో సహా" అని ఉంది. ఒకదాని మీద ఆకుపచ్చ ఆకు, అంతే. ఆకుంటే ఏం చెయ్యాలి, తినాలా? అన్నిటికీ ఒకే తీరున, అందరికీ అర్థమయ్యేలా నాలుగు మాటలు రాయడానికి ఎవరికీ తీరిక లేదు. అందుకని ఆ పని ఇంటింటికీ ఒక ఆడమనిషి నెత్తిన పడింది. ఆమె అవన్నీ వెతికి, చదివి, గుర్తుపెట్టుకుని, కత్తిరించి, కడుగుతుంది. చిరుతిండి ప్యాకెట్లయితే నిలువునా కోసి సబ్బుతో కడిగి, భర్త మేజోళ్ళ పక్కన బట్టల తీగకి క్లిప్పు పెట్టి ఆరేస్తుంది. "మా ఇంట్లో ప్యాకెట్లు కూడా తలంటి పోసుకుంటాయి" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంది.

చెత్తబండి వచ్చింది. బండి మీదుండే ఆవిడకి యాభై దాటి ఉంటాయి. రబ్బరు తొడుగులు, మెడలో విజిలు. నీలం డబ్బా మూత ఎత్తి, పైపైన కెలికి, ఆరేసి మడతపెట్టిన ప్యాకెట్లు నాలుగు బయటికి తీసింది. తర్వాత జేబులోంచి అరచెయ్యంత ఎర్ర స్టిక్కరు తీసి మూత మీద ఠపీమని అంటించింది. ఎర్ర స్టిక్కరు పడ్డ డబ్బాని తీసుకెళ్ళరు. వారం రోజులు అది గేటు ముందు అలాగే ఉంటుంది, వీధి వీధంతా చూస్తుంది.

"ఏమైందమ్మా? అన్నీ కడిగే వేశాను కదా" అంది ఆమె పరుగున వచ్చి.

"కడిగారు. మీరెప్పుడూ కడుగుతారు, నాకు తెలుసు. కానీ ఇది తీసుకోం." ఆవిడ ప్యాకెట్‌ని బలంగా లాగి చింపింది. అంచున వెండిరంగు పొర పైకి లేచింది. "చూడండి. లోపలొకటి, బయటొకటి, రెండూ కలిపి అతికించేశారు. ఎవరు విడదీస్తారు? ఇది తగలబెట్టే కుప్పలోకే పోతుంది."

"మరి దాని మీద రాశారు కదా, కడిగి ఆరబెట్టి రీసైకిల్ చెయ్యమని?"

"రాసినవాళ్ళు ఎప్పుడైనా మా బెల్టు దగ్గరకొచ్చి నిలబడ్డారా ఏంటి?" ఆవిడ నవ్వింది గానీ ఆ నవ్వులో సరదా లేదు. "చెత్త ఏరే బెల్టు దగ్గర పద్దెనిమిది మందిమి, అందరం ఆడవాళ్ళమే. బండి తిరగడం అయ్యాక సాయంత్రం దాకా ఈ వెండి ప్యాకెట్లే ఏరి పారేస్తుంటాం. మొన్న ఒకదాన్లో వాడిన సూది దొరికింది నాకు. స్టిక్కరు పెట్టేశానని నా మీద కోప్పడకండి. మా పైఆయన చెప్పిందే మాకు లెక్క."

బండి వెళ్ళిపోయింది. వరండాలోంచి అత్తగారు అంతా చూసింది. "ఆఫీసులో లేబుళ్ళు చూసే మనిషివి, ఇంట్లో చెత్త చూసుకోలేకపోయావా?" భర్త గడ్డం గీసుకుంటూ బయటికొచ్చి, ఎదురింటి వైపు ఓసారి చూసి, "పొద్దున్నే పరువు తీశావు" అన్నాడు. ముక్కు చీదిన కాగితం సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తితే "అంత చిన్న విషయానికా" అంటాడు.

ఆమె చినిగిన ప్యాకెట్ తీసుకుని అడుగు మడత విప్పింది. అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చుపని సంఖ్య ఉంది. చూడగానే గుర్తుపట్టింది. ఆమె చేతి మీదుగా వెళ్ళిందే.

ప్యాకెట్లు అచ్చువేసే కంపెనీలో ఆమెది ఆఖరి చూపు. అచ్చుకు వెళ్ళే ముందు ప్రతి లేబులూ ఒక పెద్ద కాగితం మీద ఆమె బల్ల మీదకొస్తుంది. భూతద్దం పెట్టి, స్కేలు పెట్టి, అక్షరం ఎత్తు దగ్గర్నుంచి తేదీ పడే చోటు దాకా చూసి, కింద గడిలో సంతకం పెడుతుంది. అందరూ ఆమెని భూతద్దం అనే పిలుస్తారు. ఈ ప్యాకెట్ వచ్చినప్పుడు ఆకుపచ్చ రీసైకిల్ బాణాల గుర్తు దగ్గర ఆగింది కూడా. రంగు కాస్త పలచగా ఉందని వెనక్కి పంపి సరిచేయించింది. రంగు చూసింది. మాట నిజమో కాదో చూడలేదు. అది ఎవరూ చూడరు, దానికి కాగితం మీద గడి లేదు. తను పాస్ చేసిన అబద్ధాన్నే ఇంటికి కొనుక్కొచ్చుకుని, సబ్బుతో కడిగి, తీగ మీద ఆరేసుకుంది. పొద్దున కప్పులో చెయ్యి పెట్టినప్పటికంటే ఇప్పుడే ఎక్కువ వికారంగా అనిపించింది. ప్యాకెట్‌ని సంచిలో పెట్టుకుని ఆఫీసుకి బయల్దేరింది.

బల్ల మీద కొత్త కాగితం ఎదురుచూస్తూ ఉంది. పిల్లల చిరుతిండి, అదే వెండి పొర. ఈసారి బాణాలు రెండింతల సైజులో ఉన్నాయి. మేనేజరు స్వయంగా వచ్చి పక్కన నిలబడ్డాడు. మంచివాడనే పేరున్న మనిషి. గొంతు ఎప్పుడూ పెంచడు.

"మధ్యాహ్నానికి అచ్చుకి వెళ్ళాలి మేడం. ఒక్క సంతకం."

"సార్, ఇది రీసైకిల్ కాదు." ఆమె చినిగిన ప్యాకెట్ ఆయన ముందు పెట్టింది.

ఆయన దాన్ని ముట్టుకోలేదు. చెత్తలోంచి వచ్చిందని తెలిసినట్టుంది. "ఎక్కడో ఏదో యంత్రంలో అవుతుందట, చిరుతిండి కంపెనీవాళ్ళ దగ్గర సర్టిఫికెట్టు ఉంది. కొనేవాళ్ళకి మనసులో హాయిగా ఉండాలి, అంతే కదా. కడిగి వేయండి అన్నామనుకోండి, ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎలాగూ కడుగుతారు. మనకేం పోయింది?"

ఆమె తన వేళ్ళు చూసుకుంది. సబ్బు వాసన ఇంకా పోలేదు. "నాకు తెలిశాక ఎలా పెట్టమంటారు సార్?"

"తెలిసిందని ఎవరు చెప్పారు? రేపు ఎవరైనా అడిగితే తెలీదనండి. పొర సంగతి మీ పని కాదు." కాస్త వంగి, గొంతు ఇంకా తగ్గించాడు. "సెక్షన్ హెడ్ పేర్లు శుక్రవారం పంపుతున్నాను. మీ పేరే పైన ఉంది. ఇలాంటప్పుడు..."

తొమ్మిదేళ్ళు ఆ కుర్చీ కోసం ఎదురుచూసింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు కుర్రాళ్ళు అప్పటికే ఆమెని దాటిపోయారు. పేరు పైన ఉందన్న మాట వినగానే గుండె కొట్టుకున్న మాట నిజం. పెన్ను తీసింది కూడా. కానీ గడి దగ్గరకొచ్చేసరికి బెల్టు ముందు నిలబడ్డ పద్దెనిమిది మంది చేతులు కళ్ళ ముందుకొచ్చాయి, సూది గుర్తొచ్చింది. బాణాల మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన పెద్ద అక్షరాలతో రాసింది: 'ఇది రీసైకిల్ కాదు. కడగనక్కర్లేదు. నల్ల డబ్బాలో వేయండి.' కింద గడిలో సంతకం పెట్టలేదు. తను రాసిన మాటల కింద పెట్టింది.

మేనేజరు ఆ కాగితాన్ని చుట్టి చేతిలోకి తీసుకున్నాడు. "ఇంకొకళ్ళు పెడతారు మేడం."

"పెట్టనివ్వండి సార్. వాళ్ళ పేరుంటుంది."

శుక్రవారం వెళ్ళే జాబితాలో తన పేరుండదని ఆయన వెనక్కి నడిచిన తీరులోనే తెలిసిపోయింది. ఏడుపొస్తుందేమోననుకుంది, రాలేదు. చేతులు మాత్రం ఇంకోసారి కడుక్కుని వచ్చి, తర్వాతి కాగితం ముందుకు లాక్కుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గేటు ముందు డబ్బా అలాగే ఉంది, ఎర్ర స్టిక్కరుతో సహా. దాన్ని పీకలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. వంటింటి గుమ్మంలోకి భర్త వచ్చాడు. చేతిలో సగం తిన్న పెరుగు కప్పు, అందులో నలిపి కుక్కిన కాగితం.

"ఏమోయ్, ఇదెందులో వేయాలి?"

అత్తగారు తలెత్తి చూసింది. ఆమె టీ ఒక గుక్క తాగింది. అడిగితే తెలీదనమని పొద్దున ఆఫీసులో ఒకాయన నేర్పిన మాట అప్పుడు నోట్లోంచి రాలేదు. ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో.

"నాకు తెలీదు" అంది.

"అదేంటి? నీకు తెలీకపోవడమేంటి?"

ఆమె ఇంకో గుక్క తాగింది. కప్పు అంచు నుంచి పెరుగు చుక్క జారి అతని కాలి మీద పడింది. అతను దాన్ని చూశాడు, ఆమెను చూశాడు. ఆమె లేవలేదు.