పాత పేరే పెట్టాను

చిలకలూరిపేటలో వీడియో మిక్సింగ్ చేసేవాళ్ళం అప్పటికి ఏడుగురం. పెళ్ళి క్యాసెట్ తెచ్చిస్తే అక్కర్లేనిది కత్తిరించి, పాటలు కలిపి, తెర మీద పూలు రాల్చి సీడీలు చేసి ఇవ్వడం మా పని. మిగతా ఆరుగురూ సీడీలు ఇచ్చిన మర్నాడే కంప్యూటర్‌లో సరుకంతా తుడిచేసేవాళ్ళు. నేను తుడిచేవాణ్ణి కాదు. కత్తిరించిన ముక్కలు కూడా దాచేవాణ్ణి. దాని మీద నాకు కొంచెం పొగరుండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

మా మిక్సింగ్ ప్రోగ్రాంకి ఒక జబ్బుంది. కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ తన ఫైళ్ళు పెట్టుకోవడానికి తనే ఇంకో ఫోల్డర్ తయారు చేసుకుంటుంది. మూడో వెర్షన్‌కి ‘ప్రాజెక్ట్స్ 3’, నాలుగుకి ‘ప్రాజెక్ట్స్ 4’. వేరు కాపురం పెట్టిన కోడలి వరస. ఆ తర్వాత పాత పెళ్ళి ఏదైనా తెరవబోతే ఫైళ్ళు కనపడటం లేదని మొరాయిస్తుంది. అందుకని నేను ఆ అంకె చెరిపేసి, కొత్త ఫోల్డర్‌కి పాత పేరే పెట్టి, రెంటినీ ఒకటిగా కలిపేసేవాణ్ణి. కలిపేటప్పుడు కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో అడిగేది. అన్నిటికీ ఎస్ కొట్టేవాణ్ణి. పాత పెళ్ళిళ్ళు మళ్ళీ కిక్కురుమనకుండా తెరుచుకునేవి. లోపలి ముక్కల పేర్లు కనపడగానే మూసేసి టీకి వెళ్ళేవాణ్ణి.

రెండువేల ఏడు వేసవిలో, నాదెండ్ల వైపు నుంచి వెంకటరావమ్మ అనే పెద్దావిడ నా కొట్టుకొచ్చింది. అరవై దాటి ఉంటాయి. మిరపకాయల తొడిమలు తీసి తీసి వేళ్ళు ఎర్రగా మొరటుబారి ఉన్నాయి. భర్త అంకమ్మరావు పోయి ఏడాది కావస్తోందట. పై వారం సంవత్సరీకం. గోడకి పెట్టుకోవడానికి ఆయనది ఒక్క ఫొటో కూడా లేదట.

నాకు నమ్మకం కలగలేదు. ఓటరు కార్డు ఉంటుంది కదమ్మా అన్నాను. కొంగులోంచి తీసి చూపించింది. ముఖం ఉండాల్సినచోట నల్లటి మసి ఉంది. కెమెరా అంటే ఆయనకి పడదట, రేషన్ కార్డు ఫొటోకి కూడా ఆ పూట పొలం వెళ్ళిపోయాడట. మూడేళ్ళ కిందట తమ్ముడి కూతురు లక్ష్మీదుర్గ పెళ్ళిలో మాత్రం బంతిలో పప్పు వడ్డిస్తుంటే కెమెరావాడు లైటు వేసి పట్టుకున్నాడట.

“నా కళ్ళతో చూశా నాయనా. కెమెరా అబ్బాయి ఏదో అంటే నవ్వాడు కూడా. మా తమ్ముడింట్లో సీడీ పదిసార్లు ఏయించా. అందులో లేడు.”

ఎందుకుంటాడు? భోజనాల ముక్క పదకొండు నిమిషాలుంటే అందులో పెళ్ళివారిని ఉంచి, వడ్డించేవాళ్ళని కత్తిరించడమే మా పనితనం. పైగా కెమెరావాళ్ళు ఆ క్యాసెట్ల మీదే ఇంకో పెళ్ళి తీసేస్తారు. పేటలో ఇంకెవరి దగ్గరికి వెళ్ళినా దొరకదమ్మా, నా దగ్గరికి వచ్చావు కాబట్టి సరిపోయిందన్నాను. కూర్చోమని స్టూలు వేశాను. సుబ్బరంగా పెద్దసైజు ప్రింటు తీసి, కావాలంటే ఫొటోలో కోటు కూడా తొడిగిస్తానన్నాను. చనిపోయినవాళ్ళకి కోట్లు తొడగడంలో నాది అందె వేసిన చెయ్యి. కోటొద్దు, మనిషి కనపడితే చాలంది.

లక్ష్మీదుర్గ పెళ్ళి చటుక్కున తెరుచుకుంది. పేర్లు వచ్చాయి. భోజనాలు పద్నాలుగో క్లిప్. నొక్కాను.

మొదటి క్షణంలోనే నాకు అర్థమైంది. లక్ష్మీదుర్గ పెళ్ళి వాళ్ళ ఇంటి ముందు తాటాకు పందిట్లో జరిగింది. ఇక్కడ కనపడుతున్నది పొన్నూరులో ఒక కల్యాణమండపం. ఇదీ బంతి భోజనమే, కానీ వేరేవాళ్ళది. కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ ఆ ప్రోగ్రాం క్లిప్‌లకి మళ్ళీ ఒకటి నుంచి అంకెలు వేస్తుందని, నేను రెండు ఫోల్డర్లూ కలిపినప్పుడు కొత్త పద్నాలుగు వచ్చి పాత పద్నాలుగు మీద కూర్చుందని అప్పటిదాకా నాకు తట్టలేదు. పాతది చెరిపెయ్యనా అని అది ఇంగ్లీషులో అడిగింది ఆ సంగతే. ఎస్ కొట్టింది నేనే.

ఆపాల్సింది. ఆపలేదు.

ఆమె స్టూలు ముందుకి జరుపుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. తింటున్నవాళ్ళు ఎవరో, ఆ గోడలు ఎక్కడివో ఆమెకి పట్టలేదు. ఆమె చూపు బకెట్ పట్టుకున్న మనిషి కోసమే వెతుకుతోంది. తెల్లచొక్కా కనపడినప్పుడల్లా కొంచెం ముందుకి వంగేది. “ఇప్పుడొస్తాడు,” అంది ఒకసారి నాకు ధైర్యం చెబుతున్నట్టు. పదకొండు నిమిషాలూ అలాగే చూసింది. నేను ఆమెను చూస్తూ కూర్చున్నాను. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

క్లిప్ అయిపోయింది.

“ఇంకోసారి ఎయ్యి నాయనా. రెప్ప ఏసినప్పుడు ఎల్లిపోయాడేమో.”

అప్పుడు చెప్పాను. ఇది మీవాళ్ళ పెళ్ళి కాదమ్మా, మీది నా చేతుల్లోనే పోయింది, తప్పు మిషనుది కాదు నాది అని చెప్పాను. ఫోల్డర్లూ పేర్లూ ఆమెకి ఏం అర్థమయ్యాయో తెలియదు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆగిపోయిన తెర మీంచి చూపు తీసి, నా వైపు తిరిగింది.

“కత్తిరించేటప్పుడు నువ్వు చూసే ఉంటావుగా?”

చూశానన్నాను. చూడకుండా ఎలా కత్తిరిస్తాను?

“అయితే నువ్వు చెప్పు. ఎట్టా ఉన్నాడు?”

కళ్ళు మూసుకుని వెతికాను. ఆ ఏడాది వంద పెళ్ళిళ్ళు చేశాను. వంద బంతుల్లో ఎన్ని వందలమంది బకెట్లు పట్టుకుని నడిచారో, నేను అక్కర్లేదని ఎంతమందిని తీసేశానో. ఒక్క ముఖమూ రాలేదు. ఆమె ఎదురుచూస్తోంది. ఆ పోయిన ముక్కలో ఆయన్ని చూసిన కళ్ళు ఇంకెవరికీ లేవు, నాకు తప్ప.

“బాగున్నాడమ్మా,” అన్నాను. “పప్పు వడ్డిస్తూ, పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతున్నాడు.”

ఆమె ముఖంలో వెలుతురు లాంటిది వచ్చి, అంతలోనే పోయింది. ఓటరు కార్డు కొంగులో ముడివేసుకుని లేచింది.

“పడుచుతనంలోనే ఎద్దు కుమ్మి ముందుపళ్ళు నాలుగూ ఊడినయ్యి నాయనా ఆయనకి,” అంది. “నలుగురిలో నోరు తెరిచి ఎప్పుడూ నవ్వలా.”

కోపంగా అనలేదు. చెప్పులు వేసుకుని, జాగ్రత్తగా మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.