తట్టని మీటరు

రియాక్టరుకు చల్లనీళ్లు ఎంత ఒత్తిడితో వెళ్తున్నాయో చూపించే మీటరుకు వెనకాల వైరే లేదు.

అయినా ముల్లు మాత్రం ఆకుపచ్చ గీత మీద దర్జాగా నిలబడి ఉంది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు అద్దాన్ని వేలితో తట్టి చూసింది. పనిచేసే ముల్లయితే సన్నగా వణకాలి. ఇది వణకలేదు. అందుకే మీటరు బిగించిన పలక విప్పించింది.

"ఏంటండీ ఇది?"

షిఫ్టు ఇన్‌ఛార్జి నీళ్లు నమిలాడు. "జిగురుతో అతికించామండీ."

"అంటే గుడ్డిగా నడుపుతున్నారా?"

"అయ్యో, లేదండీ!" అంటూ పక్కనున్న బీరువా తలుపు తీశాడు. లోపల చిన్న తెర మీద అంకెలు మారుతున్నాయి. "అసలు మీటరు ఇదీ. పాతది ఎప్పుడో చచ్చింది, దాన్ని చేసే కంపెనీ మూతపడింది. రూలేమో ముల్లున్నదే ఉండాలంటుంది. రూలు మార్చండి మహాప్రభో అని మీ ఆఫీసు చుట్టూ తిరిగాం. కమిటీ వేశామన్నారు. దాని మీద ఇంకో కమిటీ అన్నారు. మావాడు పుట్టినప్పుడు అడిగామండీ, వాడికిప్పుడు మీసాలొచ్చాయి!"

ఆమెకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు రాస్తే ఇతని ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పకపోవచ్చు. రాయకపోతే తానూ దొంగే.

"అతికించమన్నదెవరు?"

"నేనే." చూపు నేల మీదుంది.

"అబద్ధం చెప్పడం కూడా రాదే మీకు!" విసుక్కుని, పలక మళ్లీ బిగించమంది.

మధ్యాహ్నం ఆమె ఆఫీసు పెద్దసారు వచ్చాడు. రియాక్టరు లైసెన్సు పొడిగించాల్సింది ఆయనే, రూల్సు మార్చే కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఇంట్లో ఆమెకు బాబాయ్. ఈ పని నేర్పింది కూడా ఆయనే. 'కంటిని నమ్మకు అమ్మడూ, తట్టి చూడు' అనేవాడు.

ముల్లు సంగతి ఆమె ఎత్తలేదు. ఆయన అలవాటు ప్రకారం వరసలోని మీటర్లన్నీ తడుతూ నడిచాడు. టక్. టక్. టక్. అతికించిన ముల్లు దగ్గరికి రాగానే వేలు తట్టకుండానే కిందికి దిగింది. దాటాక మళ్లీ టక్.

"బాబాయ్, అదొక్కటీ ఎందుకు తట్టలేదు?"

ఆయన ఇంకో మీటరు తట్టబోయాడు.

"సార్, నా పీక మీదికొచ్చింది. ఇక మీరే చెప్పండి," అన్నాడు ఇన్‌ఛార్జి.

పెద్దసారు కుర్చీలో కూలబడ్డాడు.

"జిగురు పూసింది వాళ్లు, పూయమన్నది నేను. కొత్త మీటరే మేలని నాకు తెలియదా? కానీ రూలు మారిస్తే కింద నా సంతకం ఉంటుంది. రేపేదైనా జరిగితే అందరూ నన్నే పట్టుకుంటారు. పాత రూలు రాసినవాళ్లు ఎప్పుడో పోయారు, వాళ్లనెవరడుగుతారు? రిటైరయ్యేదాకా ఎలాగోలా నెట్టుకొద్దామనుకున్నా. భయమమ్మా, అంతకు మించి ఏం లేదు. అతన్ని వదిలెయ్. నా పేరు రాయి."