ఏడో బండలోని మనిషి

తెల్లారేసరికి మందుగుండు మేస్త్రీ భార్య ఉలి పట్టుకుని బండ మీద కూర్చునేది. మొగుడు సమ్మెటతో ఒక దెబ్బ వేస్తే ఆమె ఉలిని కొంచెం తిప్పేది. మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పడం. మూరెడు లోతు తొలవడానికి ఒక పూట పట్టేది. గురి తప్పితే మణికట్టు నుజ్జవుతుంది కాబట్టి ఆ పూటంతా ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు కాదు. పోట్లాటలన్నీ భోజనాల దగ్గరే.

ఏటికి అడ్డంగా ఏడు బండలు. వాటి మధ్యకి వెళ్ళిన పడవ పగలాల్సిందే. అందుకే సరుకుని ఎగువన దించి, రెండు మైళ్ళు వీపుల మీద మోసి, దిగువన మళ్ళీ పడవలకెక్కించేవాళ్ళు. ఆ మోత మీద రెండు వందల ఇళ్ళు బతికేవి. ఆ మోతగాళ్ళ పెద్ద మేస్త్రీ భార్యకి సొంత అన్నే. ఊరంతా గూనన్న అనేవాళ్ళు.

పడవలకి దారి కోసం మేస్త్రీ ఒక్కో బండ పేల్చినప్పుడల్లా, అక్కడ మునిగిపోయినవాళ్ళు పోయిననాటి వయసులోనే బయటికొచ్చేవాళ్ళు. మొదటి దాంట్లోంచి ఉప్పు వ్యాపారులిద్దరు, మూడో దాంట్లోంచి ఒక పెళ్ళికూతురు. తల విదిలించుకుని పొడిబట్టలు అడిగేవాళ్ళు. మేస్త్రీ షెడ్డులో నాలుగు జతలు మడతపెట్టి ఉంచేవాడు.

ఇక మిగిలింది ఏడో బండ. అన్నాచెల్లెళ్ళ నాన్న పడవ పగిలి మునిగింది దాని దగ్గరే. అప్పటికి అన్నకి తొమ్మిదేళ్ళు. ఆమె ఇంకా పుట్టలేదు.

"నాన్న వస్తాడన్నయ్యా," అంది ఆమె, అన్న ఇంటికెళ్ళి.

"నాకు తొమ్మిదేళ్ళప్పుడు రావాల్సింది. ముప్ఫై ఆరేళ్ళు మోశాను. ఈ వీపుతో ఇప్పుడింకేం పని చెయ్యను? ఆ బండ జోలికి రావద్దని నీ మొగుడికి చెప్పు."

"నేను చెప్పను. దాన్ని సగం తొలిచింది నేనే."

"అయితే నువ్వూ రాకు."

మర్నాడు పొద్దున మేస్త్రీ కన్నాల్లో మందు కూరి, వత్తి పెట్టి ఒడ్డుకొచ్చేసరికి, అరవై మంది మోతగాళ్ళు గునపాలతో దిగారు. ముందు షెడ్డుకి నిప్పంటించారు. అడ్డమొచ్చిన కూలీ తల పగిలి అక్కడే పడిపోయాడు. మేస్త్రీని ఇద్దరు వంచి పట్టుకుని, ఉలులు సాగగొట్టే దాగలి మీద కుడిచెయ్యి పరిచారు. గూనన్న సమ్మెట ఎత్తి దించాడు. మళ్ళీ దించాడు.

"ఇక వత్తి ఎలా ముట్టిస్తావో ముట్టించు, బావా."

పదకొండేళ్ళుగా ఏ దెబ్బకి భయపడుతూ వచ్చిందో ఆ దెబ్బ చప్పుడు ఆమె విన్నది. మండుతున్న షెడ్డులోంచి నిప్పు రాజుకున్న కర్ర ఒకటి లాక్కుని బండకి వేసిన చెక్కల మీదుగా నడిచింది. ఒక మోతగాడు ఎదురొచ్చాడు. కర్రతో వాడి మొహం మీద పొడిచింది. వాడు నీళ్ళలో పడ్డాడు. తిరిగి చూడకుండా వెళ్ళి వత్తి ముట్టించి వచ్చింది.

చెక్కల చివర అన్న నిలబడి ఉన్నాడు.

"ఆర్పెయ్."

"అది ఆరేది కాదు."

సమ్మెట లేచింది. ఏళ్ళ తరబడి సమ్మెట దెబ్బలు చూస్తూనే ఉంది కాబట్టి, ఇది ఉత్త బెదిరింపు కాదని ఆ భుజం చూడగానే ఆమెకి తెలిసిపోయింది. కళ్ళు మూసుకుంది.

బండ పేలింది. రాతి పెచ్చు ఒకటి ఎగిరొచ్చి ఒక మోతగాడి గొంతు కోసేసింది. పొగలోంచి తడిసిన చెయ్యి ఒకటి సమ్మెట పిడిని పట్టుకుంది.

ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఆడమనిషి మీదికి ఎత్తుతావేంటి, పెద్దాయనా? దించు."

గూనన్న ఆ మొహంలోకి చూశాడు. సమ్మెట వదిలేసి ఇసకలో కూలబడ్డాడు.

మధ్యాహ్నానికి ఒడ్డు మీద మూడు శవాలు. మొహం కాలినవాడి మీద గోనెపట్టా ఆమే కప్పింది. పోలీసులొచ్చి మోతగాళ్ళని కట్టి తీసుకెళ్ళారు. చెయ్యి ఏమైందని మేస్త్రీని అడిగారు.

"సమ్మెట జారింది," అన్నాడు మేస్త్రీ, భార్య వైపు చూడకుండా.

"ఎన్నిసార్లు జారింది?" అని జవానొకడు అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

గూనన్న కోసం ఇల్లిల్లూ, గట్టు గట్టూ వెతికారు. ఏటి వైపు ఎవరూ చూడలేదు. అక్కడ పడవ నడవడం ఎవరూ ఎరగరు మరి.

ఆ వచ్చినాయన పొడిబట్టలు అడగలేదు. పోలీసులు ఇంకా రాకముందే పడవేదని అడిగాడు. ఎగువన సరుకు పడవ ఒకటి ధైర్యం చాలక ఆగి ఉంది. దాని చుక్కాని తను పట్టుకుని, "ముందు నిలబడి దారి చెప్పేవాడు కావాలి. పెద్దాయనా, ఈ ఒడ్డు నీకు తెలుసా?" అన్నాడు.

"ముప్ఫై ఆరేళ్ళుగా తెలుసు."

"అయితే ఎక్కు."

గూనన్న ఎక్కాడు. ఆమె గట్టు మీదే ఉంది.

"అక్కా, చిన్న సాయం," అన్నాడు చుక్కాని దగ్గరి మనిషి. "బావి వీధిలో చివరిల్లు మాది. సాయంత్రం కాస్త ఆలస్యమవుతుందని మా ఆవిడకి చెప్పు. వట్టి మనిషి కాదు, కంగారు పడుతుంది."

పడవ ముందున్న అన్న ఆమె వైపు చూసి, మొహం తిప్పుకున్నాడు.

"చెప్తాను," అంది. కొంచెం ఆగి, "ఎన్నో నెల?" అని అడిగింది.

"నెలలు నిండాయక్కా," అని ఆయన పడవని పాయలోకి తిప్పాడు.