ఎడమ దీపం కింద కొబ్బరికాయ

మృదుల బరువు యాభై నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు. డర్బన్ పక్కన ప్రాస్పెక్టన్‌లోని ఆ రేకుల షెడ్డులో పనిచేసే ఆరుగురికీ ఆ సంగతి తెలుసు. కావలసింది సరిగ్గా యాభై ఐదు కనుక, స్టోర్స్ చూసే నార్మన్ ఒక స్పానర్ తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మళ్లీ కాటా మీద నిలబెట్టి, సరిపోయిందన్నాడు. మొక్కు తీర్చుకోవడానికి మనుషుల్ని బెల్లంతో తూచడం ఆమె చూసింది గానీ, స్పానర్‌తో తూచడం ఎక్కడా చూడలేదు. పెళ్లయి తొమ్మిది వారాలు. ఏది చూసినా నవ్వొచ్చే రోజులు. ఆ స్పానర్ తలుచుకుని రెండు రోజులు నవ్వింది.

షెడ్డు యజమాని కోలిన్ మూడేళ్లుగా ఒక స్పోర్ట్స్ కారు తయారు చేయిస్తున్నాడు. ఇద్దరే కూర్చోగలిగే కారు, నేరేడుపండు రంగు, ఆరు సిలిండర్ల ఇంజను. ఇంజనుకు సంబంధించిన లెక్కలన్నీ మృదుల భర్త శ్రవణ్‌వి. పరీక్షలప్పుడు పక్క సీట్లో యాభై ఐదు కిలోల ఇసుక మూట పెట్టేవారు. కాని ఈ చివరి పరీక్షలో కారు కుదుపు సంగతి కూడా తేలాలి. ఇసుక మూట నడుము నొప్పి అని చెప్పదు కదా, మీ ఆవిడను కూర్చోబెట్టు, అన్నాడు కోలిన్. అలా ఇసుక మూట ఉద్యోగం మృదులకు వచ్చింది.

శనివారం పొద్దున ఆరింటికి బయలుదేరాలి. లేడీస్మిత్ దాకా వెళ్లి తిరిగి రావాలి. దారిలో ఏదీ విప్పకూడదు, ఏదీ బిగించకూడదు. పావుగంటకోసారి ఇంజను ఆయిల్ వేడి ఎంతుందో కాగితం మీద రాయాలి. నూట ముప్పై డిగ్రీలు దాటితే బండి ఆపేయాలి, పరీక్ష పోయినట్టే.

పరీక్ష పోతే ఏమవుతుందో మృదులకు తెలుసు. ఆయిల్‌ను చల్లబరిచే కూలర్ పెద్దది పెడదామని కోలిన్ అంటే, చిన్నది చాలు, పెద్దది పెడితే బరువు పెరుగుతుంది, బండి ముక్కు లావవుతుంది అని శ్రవణ్ పట్టుబట్టాడు. నా లెక్క తప్పితే తప్పు నాదేనని అందరి ముందూ చెప్పాడు. అతని కాంట్రాక్టు జూన్‌తో ముగుస్తుంది. అది పొడిగిస్తేనే ఈ దేశంలో ఉండడానికి కాగితం. ఇప్పుడు ఏప్రిల్, తొంభై ఆరు. ఇసిపింగో బజారులో కరివేపాకు ఎవరి దగ్గర దొరుకుతుందో మృదులకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. సముద్రం వైపు తెరుచుకునే వంటింటి కిటికీ ఒకటి దొరికింది. ఆ కిటికీ వదిలి వెళ్లాలంటే ఆమెకు మనసొప్పదు.

గురువారం విజయవాడ నుంచి అత్తగారు కమలాదేవి ఫోను చేసింది. కొత్త బండి, తొలి దూరప్రయాణం, కొబ్బరికాయ కొట్టారా అని అడిగింది. ఇక్కడ తెల్లవాళ్ల ముందు బాగోదండీ అంది మృదుల. అయితే కొట్టొద్దు, ఎర్రగుడ్డలో కాయ చుట్టి, నాలుగు నిమ్మకాయలు పెట్టి, బండి ముందు భాగంలో ఎవరికీ కనబడకుండా ఉంచమ్మా, మావాడు నవ్వుతాడు, వాడికి చెప్పకు, అంది. పెళ్లయ్యాక అత్తగారు అడిగిన మొదటి కోరిక అది. మృదుల చదివింది ఫిజిక్సు. నమ్మకం ఉందా లేదా అని తనను తాను అడగలేదు. కాదనడం చేతకాలేదు, అంతే.

శనివారం శ్రవణ్ బండి చుట్టూ తిరిగి అన్నీ చూసుకుని, కాగితాల మీద సంతకాలు చేయడానికి లోపలికి వెళ్లాడు. మృదుల వంగి చూసింది. ఎడమ దీపం కింద కోలగా ఒక రంధ్రం ఉంది. లోపలికి పోతున్నకొద్దీ సన్నబడుతోంది. ఎర్రమూట దాని కోసమే కొలిచి కుట్టినట్టు అందులో ఇమిడిపోయింది. చేయి దులుపుకుని, సీట్లో కూర్చుని, స్పానర్ ఒళ్లో పెట్టుకుంది.

మొదటి అరగంట ఎంత హాయిగా గడిచిందో. డర్బన్ వెనక్కి పోతోంది. చెరకు తోటల మీద మంచు పొగలా లేస్తోంది. కుదుపు గురించి అంకెలు వద్దు, మాటల్లో రాయమన్నాడు కోలిన్. మృదుల ఇంగ్లీషులో రాసింది: అమలాపురం బస్సులో వెనక సీటు పది అయితే, ఇది రెండు. రోడ్డు అతుకుల మీద టకటక చప్పుడు వస్తోంది, నడుముకు మాత్రం తెలియడం లేదు. ఇంత కిందికి ఉన్న కారు ఇంత మెత్తగా పోవడం ఆమెకు వింతగా ఉంది. గుంత వచ్చినప్పుడల్లా శ్రవణ్ ఆమె ముఖం వైపు చూస్తున్నాడు, ఆమె ముఖమే మీటరయినట్టు.

ఆయిల్ తొంభై ఆరు. పావుగంటకు తొంభై తొమ్మిది. కీ రిడ్జ్ ఎత్తు మొదలైంది.

నూట తొమ్మిది.

శ్రవణ్ గేరు తగ్గించాడు. లారీలు పక్కన మూలుగుతూ ఎక్కుతున్నాయి. మరో పావుగంటకు నూట పద్దెనిమిది అని రాస్తుంటే కలం కొంచెం ఆగింది.

“ఇంత రావాలా?” అని అడిగింది.

“నూట ఆరు దాటకూడదు.”

“ఆయిల్‌ను చల్లబరిచేది ఏమిటి మరి?”

“గాలి. ఎడమ దీపం కింద రంధ్రం ఉంది చూశావా? గాలి అందులోంచి నేరుగా కూలర్‌కు వెళ్తుంది. వెళ్లాల్సినంత వెళ్తోంది. అయినా చాలడం లేదు,” అన్నాడు. చివరి మాట తనకు తాను చెప్పుకున్నాడు.

మృదులకు ఒళ్లో స్పానర్ బరువు ఒక్కసారిగా తెలిసింది. చెప్పెయ్యాలి. చెబితే ఏమవుతుంది? దారిలో ఏదీ ముట్టుకోకూడదన్నది మొదటి నియమం. ముట్టుకుంటే పరీక్ష రద్దు. ముట్టుకోకపోతే నూట ముప్పై. పైగా, మా ఆవిడ ఫిజిక్స్ చదివిందని శ్రవణ్ కోలిన్‌తో ఎంత గొప్పగా చెప్పాడో ఆమె చెవులారా వింది. గాలి వెళ్లే దారిలో కొబ్బరికాయ పెట్టిన ఫిజిక్స్.

నూట ఇరవై నాలుగు. ఎత్తు అయిపోయాక కూడా ముల్లు కిందికి దిగలేదు. కాంపర్‌డౌన్ దాటేసరికి నూట ఇరవై ఏడు దగ్గర నిలబడింది. ఎవరో పైనుంచి దారం కట్టి పట్టుకున్నట్టు అక్కడే వణుకుతోంది. రైస్‌థార్ప్‌లో ఆగుతాం కదా, అక్కడ ఎవరూ చూడకుండా లాగేస్తాను, అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆ ఆలోచననే పట్టుకుని కూర్చుంది.

రైస్‌థార్ప్‌లో ఇరవై నిమిషాల విశ్రాంతి ముందే అనుకున్నది. నార్మన్ వాళ్లన్నయ్య క్లైవ్ ఇల్లు అక్కడుంది. ముప్పై రెండేళ్లు బస్సుల మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, బాప్టిస్టు చర్చిలో పెద్ద. ముత్తాతలు చెరకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్లు. ఆయన భార్య రూత్ టీ కప్పులు పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. నార్మన్ చెప్పిన స్పానర్ పిల్ల నువ్వేనా అని మృదుల బుగ్గ గిల్లింది. మరో రోజైతే ఆ గిల్లుడుకే మృదుల పొంగిపోయేది.

శ్రవణ్ టీ ముట్టుకోలేదు. ముందున్నది టౌన్ హిల్, దారి మొత్తంలో అన్నిటికన్నా నిటారు ఎత్తు. ఈ వేడితో అది ఎక్కితే ఇంజను పోతుంది. ఫోను ఎక్కడుందని రూత్‌ను అడిగాడు. నా లెక్క తప్పింది, అది కోలిన్‌కు ఇప్పుడే చెప్పాలి, అని లోపలికి నడిచాడు. మనిషి ఒక్క గంటలో పదేళ్లు పెరిగినట్టున్నాడు.

మృదుల బండి ముందుకు పరుగెత్తింది. అప్పటికే క్లైవ్ మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇలాంటి కార్లను తాను కింద పడుకుని తప్ప చూసింది లేదని, అప్పట్లో తెల్లవాడెవడూ అంతకన్నా దగ్గరికి రానిచ్చేవాడు కాదని ఆయన వీళ్లు రాగానే నవ్వుతూ అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. ఎడమ దీపం కింద చెయ్యి పెట్టి చూస్తున్నాడు. వేళ్ల మధ్య ఎర్రగుడ్డ కొస కనబడుతోంది.

“పాపా, ఇది నువ్వు పెట్టు?” అన్నాడు మెల్లగా, వచ్చీరాని తెలుగులో.

మృదుల తలూపింది.

“మా అవ్వ కూడా ఇట్ట పెట్టు. బస్ డిపోలో, ఫస్ట్ డే. మా పాస్టర్ చూసి చాలా తిట్టు.” గుడ్డ వదిలేసి మోకాళ్లు దులుపుకున్నాడు. “నేను తియ్యను. నేను తీస్తే నీ మొగుడుకి ఏం తెలుసు? ఆయన లెక్క తప్పు అనే అనుకుంటాడు, లైఫ్ మొత్తం. గో, చెప్పు.”

హాలులో శ్రవణ్ నంబరు తిప్పడం అయిపోయింది. అవతల మోగుతున్న చప్పుడు మృదులకు కూడా వినిపిస్తోంది. ఆమె చెయ్యి చాపి ఫోను హుక్ మీద వేలు పెట్టి నొక్కింది. చప్పుడు ఆగిపోయింది.

“ఏవండీ, మీ లెక్కలో తప్పు లేదేమో. ఆ రంధ్రంలో కొబ్బరికాయ ఉంది. నేనే పెట్టాను.”

శ్రవణ్ రిసీవరు చేతిలో పట్టుకునే ఉన్నాడు. 

“కొబ్బరికాయా?”

“ఎర్రగుడ్డలో చుట్టి. నిమ్మకాయలు కూడా ఉన్నాయి.”

“ఎన్ని?”

“నాలుగు.”

అతను చెప్పులు పెట్టుకునే బల్ల మీద కూలబడ్డాడు. అమ్మ చెప్పిందా అని అడగలేదు. అడగక్కర్లేదు. “వెనక డిక్కీలో బోలెడంత చోటుంది మృదులా. నన్నడిగితే నేనే చూపించేవాణ్ని,” అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఏడుపొచ్చింది.

కోలిన్‌కు తానే చెబుతానంది మృదుల. శ్రవణ్ వద్దనలేదు. నంబరు తిప్పి రిసీవరు ఆమెకిచ్చాడు. ఆమె తనకొచ్చిన ఇంగ్లీషులో, దేనినీ తగ్గించకుండా చెప్పింది: కాయ, గుడ్డ, నిమ్మకాయలు, ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు, శ్రవణ్‌కు ఏమీ తెలియదని.  ఎంత పైకి వెళ్లిందని అడిగాడు కోలిన్. నూట ఇరవై ఏడు. ఎంతసేపు? పందొమ్మిది నిమిషాలు. ఆ కాగితం ఆమె చేతిలోనే ఉంది కనుక వెంటనే చెప్పగలిగింది. ఇంజనులో టకటక చప్పుడేమైనా వచ్చిందా? రాలేదు. ఆ తర్వాత ఫోను శ్రవణ్‌కు ఇమ్మన్నాడు.

శ్రవణ్ వింటున్నంతసేపూ మృదుల అతని కనుబొమల్నే చూసింది. ఈ రోజు పరీక్ష రద్దయింది, వచ్చే శనివారం మళ్లీ మొదటి నుంచి. నూట ఇరవై ఏడు అన్న అంకె మాత్రం కొట్టెయ్యకండి, గాలి మూసేసి ఎత్తెక్కించే ధైర్యం నాకెప్పుడూ లేకపోయింది, అన్నాడట కోలిన్. ఇంకొక్క మాట. ఆయిల్ కొలిచే పుల్ల తీసి వాసన చూడండి. మాడు వాసన లేకపోతే కాయ తీసేసి, ఇప్పుడే టౌన్ హిల్ ఎక్కండి. కాయ లేకుండా ఎంత వస్తుందో నాకు ఈ రోజే తెలియాలి.

అంటే లెక్క ఇంకా తేలలేదు. కాయ తీసినా నూట ఆరు దాటితే, తప్పు శ్రవణ్‌దే. కాయ మీదికి నెట్టడానికి అప్పుడు వీలుండదు.

క్లైవ్ పుల్ల తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, శ్రవణ్‌కిచ్చాడు. ఇద్దరూ వాసన చూశారు. మాడు వాసన లేదని ఇద్దరూ ఒకేసారి తలూపారు. మూటను మృదుల తన చేత్తోనే లాగింది. మూటలోంచి జారిన ఒక నిమ్మకాయ లోపల కూలర్ జాలీకి అతుక్కుని ఉడికిపోయి ఉంది. పులుసు వాసన వచ్చింది. రూత్ ఆ మూట అందుకుని, కాయ ఊపి నీళ్ల చప్పుడు విని, తిరుగుదారిలో భోజనానికి ఆగాల్సిందేనని చెప్పి లోపలికి తీసుకుపోయింది. ఆ కాయ కూరలో వెయ్యొచ్చో లేదో అత్తగారిని అడగాలి అనుకుంది మృదుల. మరుక్షణం, ఇక అడగకపోవడమే మంచిదనుకుంది.

టౌన్ హిల్ మొదట్లో శ్రవణ్ గేరు మార్చాడు. ఇంజను గొంతు బరువెక్కింది. పావుగంటకోసారి కాదు, నిమిషానికోసారి చదవమన్నాడు.

“నూట ఒకటి,” అంది.

పైన్ చెట్ల నీడలు అద్దం మీద గబగబా జారిపోతున్నాయి. కుదుపు కాలమ్‌లో ఆమె ఏమీ రాయలేదు. కుదుపు ఉందో లేదో ఆమెకు తెలియదు.

“నూట మూడు.”

ముందు లారీ ఒకటి నత్తలా పాకుతోంది. దాని వెనక రెండో గేరులో ఇరుక్కుపోయారు. గాలి తగ్గింది. శ్రవణ్ లారీ పక్కగా తొంగి చూశాడు.

“నూట అయిదు.” ఆగింది. “నూట అయిదే.”

అతను అటు చూడలేదు. “మళ్లీ చదువు.”

లారీ పక్కకు తప్పుకుంది. బండి ఒక్క ఊపులో ముందుకు దూకింది. పైన ఆకాశం వెడల్పుగా తెరుచుకుంది. ఎత్తు చివర హోవిక్ ఊరి బోర్డు కనబడింది. మృదుల ముల్లు మీదికి వంగి, రెండుసార్లు చూసి, స్పానర్ కింద కాగితం సర్దుకుని, నూట నాలుగు అని రాసింది. పక్కన కుదుపు గడిలో, చేతి వణుకు బండిది కాదు, నాది, అని రాసింది.