ఫోన్ పెట్టేయనివాళ్లు

నాకు నత్తి. అయినా నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి అరగంట పేపరు పైకి చదివి చదివి సంపాదించుకున్న కుర్చీ అది. ఒక్క ముక్క పూర్తి చేయడానికి నాకు రెండు నిమిషాలు పట్టినా, ఫోన్ చేసినవాళ్లు ఆగేవారు. ఒక్కరంటే ఒక్కరు విసుక్కోలేదు.

అందుకే జనాన్ని ఎవరైనా తిడితే నాకు ఒళ్లు మండేది. "లోకం మంచిదే. మనకే ఓపిక లేదు," అని మా ఆవిడకు క్లాసు పీకేవాణ్ణి. "మీకు తగిలేవాళ్లే వేరు లెండి," అనేది తను.

నిన్న మా స్విచ్‌బోర్డు అక్క రిటైరైంది. వచ్చిన ప్రతి ఫోనూ కింద గదిలో ముందు ఆవిడ ఎత్తి, పైన మాలో ఒకరికి కలిపేది. ఇవాళ ఆవిడ చోట మెషిన్ పెట్టారు. ఫోన్ నేరుగా నాకే వచ్చింది.

"న... నమస్కారం" అన్నానో లేదో, "పొద్దున్నే తాగి కూర్చున్నావా?" అంటూ అవతలాయన టపీమని పెట్టేశాడు. తర్వాత చేసినావిడ వెక్కిరించింది. ఇంకొకాయన మా అమ్మను కూడా కలిపి తిట్టాడు. తెల్లారేసరికి జనమంతా మారిపోయారా?

సూపర్‌వైజరు వచ్చాడు. "నీ దగ్గర ఇప్పటికే తొమ్మిది కాల్స్ కట్టయ్యాయి. ఇంకొక్కటి కట్టయితే రేపట్నుంచి ఫైళ్ల గదిలో కూర్చో. అక్కడ మాట్లాడే పనుండదు," అన్నాడు.

పక్క సీటాయన తల వంచుకున్నాడు. "నీకు నిజంగా తెలీదా? నీకు కలిపేముందు అక్క వాళ్లకేదో చెప్పేది. కింద గదికెళ్లినప్పుడు నేను విన్నాను."

పదకొండేళ్లు! ఏం చెప్పేది? అప్పటికప్పుడు అక్క ఇంటికి ఫోన్ కొట్టాను. కోపంలో నత్తి రెట్టింపైంది. నా ప్రశ్న పూర్తయ్యేదాకా ఆవిడ ఎప్పటిలాగే ఆగింది.

"మా తమ్ముడికి కలుపుతున్నా, మాట నెమ్మది, పని మాత్రం ఖాయం, కాస్త ఆగండి అనేదాన్ని. అంతే."

"నా... నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ రోజే మానేసేవాడివి. నీ పౌరుషం నాకు తెలీదూ? ఆర్నెల్లు చెప్పి ఆపేద్దామనుకున్నా. ఈలోపు వాళ్లే అడగడం మొదలెట్టారు. మీ తమ్ముడున్నాడా, లేకపోతే మళ్లీ చేస్తాం అని. ఇంకెలా ఆపను?"

నేను గెలుచుకున్నాననుకున్న లోకాన్ని ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి నా కోసం బతిమాలింది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది. కానీ మళ్లీ చేస్తామన్నవాళ్లను ఎవరూ బతిమాలలేదు కదా!

రిసీవరు పెట్టగానే ఫోన్ మోగింది. సూపర్‌వైజరు నా వెనకే నిలబడ్డాడు. ఎత్తాను.

"నా మాట నె... నెమ్మది. నేను స్విచ్‌బోర్డు అక్క త... తమ్ముణ్ణి. కాస్త ఆగండి."

"నువ్వెవరి తమ్ముడివైతే నాకెందుకయ్యా! నీళ్లెప్పుడొస్తాయో చెప్పు!"

అరిచాడు గానీ, పెట్టెయ్యలేదు. "సాయంత్రం" అన్న మాట నా నోట్లోంచి పూర్తిగా బయటపడేదాకా అవతల ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది.